ఇంట్లో రంగుల గాజు టెర్రేరియం: అందం కన్నా ముందు తడి గురించి ఆలోచించండి

మీరు అడిగినవాటిని ఒకసారి వరుసలో పెడతాను. హైదరాబాద్‌లో అపార్టుమెంటు, చిన్న బాల్కనీ, ఇంట్లో నాలుగేళ్ల పాప. రెండు నెలల్లో అక్కగారి గృహప్రవేశం. ఆవిడకు మీ చేతులతో చేసిన రంగుల గాజు టెర్రేరియం, అంటే లోపల మొక్కలు పెరిగే గాజు పెట్టె, ఇవ్వాలని మీ కోరిక. రేడియో మరమ్మతులకు వాడే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ ఇంట్లో ఉంది, అది సరిపోతుందా? సోల్డర్ (కరిగించి అతుకు వేసే లోహపు తీగ) బదులు జిగురు వాడవచ్చా? పాత టీపాయ్ గాజును కోసుకోవచ్చా? లోపల ఏ మొక్కలు బతుకుతాయి?

ముందు సూటిగా జవాబులు. ఆ ఐరన్ చాలదు. జిగురు వద్దు. టీపాయ్ గాజు జోలికి వెళ్లకండి. రెండు నెలల గడువు మాత్రం హాయిగా సరిపోతుంది. ఇక కారణాలు చెబుతాను.

పన్నెండేళ్లుగా విశాఖలో మా ఇంటి వెనక గదిలో ఈ పని చేస్తున్నాను. దీపాల షేడ్లు, కిటికీలకు వేలాడదీసే పలకలు, నగల పెట్టెలు చాలా చేశాను. వాటన్నిటిలోకీ టెర్రేరియం వేరు. దీపం షేడు జీవితమంతా పొడిగా ఉంటుంది. టెర్రేరియం లోపల రాత్రీ పగలూ తేమే. అతుకుల మీద నీటి బొట్లు నిలుస్తాయి, తడి మట్టి వాటిని అంటుకుని ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవారు గాజు కోయడం గురించి, రంగుల కూర్పు గురించి ఎంతో శ్రద్ధగా అడుగుతారు కానీ ఈ తడిని ఎలా తట్టుకోవాలని అడగరు. మీరూ అడగలేదు, అందుకే నేనే చెబుతున్నాను.

ఈ గాజు పెట్టె కథ మొదలైందే అలా. 1829లో లండన్‌లో నథానియల్ వార్డ్ అనే వైద్యుడు ఒక చిమ్మట ప్యూపాను తడి మట్టితో పాటు సీసాలో పెట్టి మూత వేశాడు. కొన్నాళ్లకు ఆ మట్టిలోంచి ఫెర్న్ మొలక, గడ్డి మొలక లేచాయి. అప్పటి లండన్ పొగకు ఆయన తోటలో ఫెర్న్ మొక్కలు బతికేవి కావు. సీసాలో మాత్రం ఎవరూ నీళ్లు పోయకుండానే పెరిగాయి. పగలు ఆవిరైన నీరు గాజుకు పట్టి మళ్లీ మట్టిలోకి జారడమే దానికి కారణం. అలా దాదాపు నాలుగేళ్లు బతికాక లోహపు మూత తుప్పు పట్టి, వాన నీరు లోపలికి చేరి అవి చనిపోయాయి. తర్వాత వార్డ్ చేయించిన పెట్టెల్లోనే మొక్కలు సముద్రాలు దాటాయి. చైనా నుంచి రాబర్ట్ ఫార్చ్యూన్ అనే మొక్కల సేకర్త తెచ్చిన తేయాకు మొక్కలు హిమాలయాల దిగువకు, క్వినైన్ మందునిచ్చే దక్షిణ అమెరికా సింకోనా నీలగిరులకు వచ్చింది అలాంటి గాజు పెట్టెల్లోనే. నాకు మాత్రం ఆ తుప్పు పట్టిన మూత దగ్గరే మనసు ఆగిపోతుంది. మొక్క ఓడలేదు, లోహం ఓడింది. నా మొదటి టెర్రేరియం పోయింది కూడా అతుకుల వల్లే. ఆ సంగతి తర్వాత చెబుతాను.

మొదట గాజు. టీపాయ్‌లకు వేసేది చాలావరకు టఫెన్డ్ (వేడిచేసి గట్టిపరిచిన) గాజు. దాన్ని కట్టర్‌తో గీసి విరవబోతే పలకంతా శనగగింజలంత ముక్కలై రాలిపోతుంది. నేను ఒకసారి పాత షోకేస్ అరతో ఈ ప్రయత్నం చేసి, గదంతా రెండు రోజులు ఊడ్చుకున్నాను. కళ్లద్దాలు ఉన్నాయి కాబట్టి సరిపోయింది. గాజు దుకాణంలో మామూలు 3 మిల్లీమీటర్ల తెల్ల గాజు (రంగు లేకుండా అవతలిది కనిపించేది) అడిగి తీసుకోండి. ఫొటో ఫ్రేములు కట్టేవారి దగ్గర పలుచని గాజు ముక్కలు మిగిలి ఉంటాయి, చేయి తిరగడానికి అవి చాలు. రంగు గాజు కొంచెమే కొనండి. పెట్టె మొత్తం రంగు గాజుతో చేస్తే బయటికి అందంగానే ఉంటుంది కానీ లోపల మొక్కకు వెలుతురు చాలదు. ముదురు నీలం, ముదురు ఎరుపు గాజులు వెలుగులో పెద్ద భాగాన్ని మింగేస్తాయి.

మీ మొదటి పెట్టెకు నేను సూచించే నమూనా ఇది. చతురస్రపు అడుగు, నాలుగు గోడలు, పైన గోపురం లాంటి మూత. అడుగు పలక 15 సెంటీమీటర్ల చతురస్రం. ఒక్కో గోడ 15 వెడల్పు, 18 ఎత్తు. ఆ 18లో కింది 6 సెంటీమీటర్లు పాలగాజులా మసకగా ఉండే రంగు గాజు, పైన 12 సెంటీమీటర్లు తెల్ల గాజు. కింది పట్టీ సోకు కోసం కాదు. మట్టికి గాజు గుండా వెలుతురు తగిలితే పచ్చని పాచి పడుతుంది, మసక గాజు దాన్ని చాలావరకు ఆపుతుంది. పైగా మట్టిని 5.5 సెంటీమీటర్ల దగ్గర ఆపితే రంగు గాజుకూ తెల్ల గాజుకూ మధ్య ఉండే అడ్డ అతుకు మట్టికి పైనే ఉండిపోతుంది. మూతకు నాలుగు త్రిభుజాలు, ఒక్కోదాని అడుగు 15.6, నిలువు 11.2 సెంటీమీటర్లు. ఆ అదనపు 0.6 ఎందుకంటే గోడల మందం రెండు వైపులా కలిపి అంతే అవుతుంది. మూత సరిగ్గా గోడల అంచు మీద కూర్చుంటుంది. మొత్తం 13 ముక్కలు, ఒక్క వంపు కూడా లేదు. ఆకులు, పువ్వుల డిజైన్లు రెండో పెట్టెకు ఉంచుకోండి.

కోయడం గురించి ఒక్క మాట బాగా గుర్తుంచుకోండి: నిజానికి గాజును కోయం, గీసి విరుస్తాం. కట్టర్ చక్రాన్ని కిరోసిన్‌లో ముంచి, ఉక్కు స్కేలు ఆనించి, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒకే ఊపులో గీయాలి. సరైన ఒత్తిడి చేతికన్నా ముందు చెవికి తెలుస్తుంది. పట్టుచీర మడత విప్పుతున్నట్టు సన్నగా, ఎడతెగకుండా చప్పుడు రావాలి. కరకరమంటూ తెల్లని పొడి లేస్తే ఎక్కువ నొక్కుతున్నారని అర్థం. చప్పుడు మధ్యలో తెగితే గీత అక్కడ పడలేదు. అయినా సరే, గీసిన గీత మీద రెండోసారి మాత్రం గీయకండి. కట్టర్ చక్రం పాడవుతుంది, విరుపు కూడా దారి తప్పుతుంది. గీసిన వెంటనే గీతకు అటూ ఇటూ బొటనవేళ్లు పెట్టి, బిస్కెట్టు విరిచినట్టు కిందికి వంచండి. సన్న పట్టీలకు గాజు విరిచే ప్లయర్స్ వాడండి. మొదటి రోజు పెట్టె ముక్కలు వద్దు. పాత ఫొటో గాజు మీద ముప్ఫై గీతలు గీయండి. ఇరవై దాటాక మీ చెవికే తెలిసిపోతుంది.

అంచులు అరగదీయడానికి గాజు గ్రైండర్ యంత్రం ఉంటే మంచిదే. తిన్నని ముక్కలు 13కే అయితే దాన్ని కొననక్కర్లేదు. సిలికాన్ కార్బైడ్ రాయిని నీళ్లలో ముంచి రుద్దండి. ఎప్పుడూ తడిపే రుద్దాలి, పొడిగా రుద్దితే గాజు పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తర్వాత ముక్కలను సబ్బుతో కడిగి తుడిచి, అంచులను వేళ్లతో తాకకుండా పట్టుకోండి. చేతి జిడ్డు అంటితే, తర్వాత అంచులకు చుట్టే పలుచని రాగి పట్టీ వెనకున్న జిగురు పట్టదు.

ఇక రాగి పట్టీ. మెదక్ చర్చిని మీరు చూసే ఉంటారు. 1924 డిసెంబరు 25న ప్రారంభమైన ఆ చర్చిలో క్రీస్తు జననం, శిలువ, ఆరోహణం చూపే పెద్ద కిటికీలున్నాయి. వాటిలో గాజు ముక్కల మధ్య కనిపించే నల్ల గీతలు సీసపు పట్టాలు. చదునైన పెద్ద కిటికీలకు ఆ పద్ధతి బాగుంటుంది. చిన్న ముక్కలతో పెట్టె ఆకారం నిలబెట్టాలంటే ప్రతి ముక్క అంచుకూ రాగి పట్టీ చుట్టి, రాగిని రాగికి సోల్డర్‌తో కలపాలి. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో న్యూయార్క్‌లోని టిఫనీ కార్ఖానా దీపాలతో ఈ పద్ధతికి పేరొచ్చింది. మీ 3 మిల్లీమీటర్ల గాజుకు సుమారు 5.5 మిల్లీమీటర్ల వెడల్పున్న పట్టీ కావాలి. గాజు అంచును పట్టీ మధ్యలో ఆనించి, రెండు వైపులా సమంగా మడిచి, పాత బాల్‌పెన్ గొట్టంతో అద్దంలా మెరిసే వరకు రుద్దండి. రుద్దుడు తక్కువైతే ఫ్లక్స్ (సోల్డర్ బాగా పట్టడానికి రాగి మీద ముందుగా రాసే ద్రవం) పట్టీ కిందికి దూరి, కొన్నాళ్లకు అంచు లేచిపోతుంది. పట్టీ మొదలు, చివర అర సెంటీమీటరు ఒకదాని మీద ఒకటి పడాలి. ఆ అతుకు మూలలో కాకుండా అంచు మధ్యలో వచ్చేలా చూసుకోండి.

సోల్డరింగ్ ఐరన్ సంగతి. 25 వాట్లది సర్క్యూట్ బోర్డు మీద చుక్క పెట్టడానికి చేసినది. ఇక్కడ చల్లని గాజు, పొడవాటి రాగి, లావైన అతుకు. మొన పెట్టిన రెండు క్షణాల్లో వేడి తగ్గిపోతుంది, మీరు కరగలేదని అక్కడే పట్టుకుంటారు, ఒకేచోట వేడెక్కి గాజు చిట్లుతుంది. 80 నుంచి 100 వాట్లున్న, వేడిని అదుపు చేయగలిగిన ఐరన్ తీసుకోండి. మొన వెడల్పుగా, ఉలిలా ఉండాలి. నేను 380 డిగ్రీల దగ్గర ఉంచి పనిచేస్తాను. సోల్డర్ కూడా ఎలక్ట్రానిక్స్ దుకాణంలో దొరికే, నడుమ రోజనం (ఒక రకం చెట్టు బంక) ఉన్న తీగ కాకూడదు. అది అతుకుల మీద గోధుమరంగు జిగురు మరక మిగిలిస్తుంది. నడుమ ఏమీ లేని నిండు తీగ కావాలి. మామూలుగా అందరూ వాడేది 60 పాళ్లు తగరం, 40 పాళ్లు సీసం. ఇది 183 డిగ్రీల దగ్గర మెత్తబడి 190 లోపే పూర్తిగా కరుగుతుంది, అతుకు మీద నునుపుగా పారుతుంది.

కానీ మీ ఇంట్లో నాలుగేళ్ల పాప ఉంది. మీరు సీసం లేని సోల్డరే కొనండి. ఇందులో బేరం లేదు. తగరం, రాగి కలిసిన రకం సుమారు 227 డిగ్రీలకు కరుగుతుంది. కాస్త మొండిగా పారుతుంది, మెరుపు కొంచెం తక్కువ. ఐరన్ వేడి ఓ ఇరవై డిగ్రీలు పెంచుకుంటే సరి. సీసం వేడికి పొగై పోతుందని చాలామంది భయపడతారు. మనం పనిచేసే వేడిలో సీసం ఆవిరి కావడం చాలా స్వల్పం. అసలు ప్రమాదం చేతులకు అంటి నోట్లోకి పోవడం, బల్ల మీది పొడి పసిపిల్లల వేళ్లకు అంటడం. కనిపించే పొగ ఫ్లక్స్‌ది, అదీ మంచిది కాదు. అందుకే బాల్కనీ తలుపు తీసి, ఫ్యాను పొగను మీ ముఖం నుంచి బయటికి తోసేలా పెట్టండి. వంటింట్లో, భోజనాల బల్ల మీద ఈ పని చేయవద్దు. పాప నిద్రపోయాక చేసి, బల్లను తడిగుడ్డతో తుడిచి, చేతులు కడిగి, ఆ బట్టలు విడిగా ఉతకండి.

పెట్టె నిలబెట్టడం. ముందుగా ఒక్కో గోడలోని రెండు ముక్కలనూ బల్ల మీద పరిచి, అడ్డ అతుకును రెండు వైపులా సోల్డర్ చేయండి. ఇదే మీకు సాధన. నాలుగు గోడలూ తయారయ్యాక, మూలలు సరిగ్గా లంబకోణంలో ఉన్న చెక్క దిమ్మె ఒకటి తీసుకోండి. దాని రెండు ముఖాలకు రెండు గోడలను ఆనించి నిలబెడితే వాటి లోపలి అంచులు మాత్రమే ఒకదానినొకటి తాకుతాయి, బయటివైపు సన్నని వి ఆకారపు గాడి మిగులుతుంది. ఆ గాడి ఉండాలి. దాన్ని నింపే సోల్డరే పెట్టెకు ఎముక. పైనా కిందా చుక్కలు పెట్టి నిలిపి, మిగతా గోడలనూ అలాగే కలిపి, చివర అడుగు పలకను చేర్చండి. అన్నీ కొలతకు సరిపోయాయని చూసుకున్నాకే పూర్తి అతుకులు మొదలుపెట్టండి.

ఇక్కడే నిదానం కావాలి. కరిగిన సోల్డర్ నీళ్లలాగే పల్లానికి పారుతుంది. మూల నిలువుగా ఉండగా నింపబోతే అంతా కిందికి జారి బల్ల మీద బొట్టుబొట్టుగా పడుతుంది. ఒక బేసిన్‌లో పొడి ఇసుక పోసుకోండి. పెట్టెను అందులో ఒక మూల మీద కూర్చోబెట్టి, మీరు నింపబోయే గాడి ఆకాశం వైపు చూస్తూ, అటూ ఇటూ వాలకుండా ఉండేలా సర్దండి. లోపలివైపు మాస్కింగ్ టేపు అంటిస్తే కారిపోదు. గాడికి ఫ్లక్స్ రాసి, మొదటి విడతలో గాడి సగం దాకా నింపండి, అందం చూడకండి. నాలుగు సెంటీమీటర్లు నింపి ఆగండి, మరో మూలకు వెళ్లండి. చల్లారాక రెండో విడతలో ఐరన్ మొనను అతుకు మీద నెమ్మదిగా లాగుతూ, ముందు తీగను అందిస్తూ పోతే, వెనక సోల్డర్ ఉబ్బి గుండ్రంగా నిలుస్తుంది. ఆ మెరుపు ఒక్క క్షణం ద్రవంలా వణికి గట్టిపడుతుంది. ఆ క్షణంలో పెట్టె కదిలితే అతుకు గరుకుగా, బూడిదరంగుగా మిగులుతుంది. మళ్లీ ఫ్లక్స్ రాసి కరిగిస్తే సరిపోతుంది, కంగారు పడనక్కర్లేదు. పెట్టె పై అంచు చుట్టూ, మూత కింది అంచు చుట్టూ తగరం పూసిన రాగి తీగను సోల్డర్‌తో అతకండి. చేతులు ఎక్కువగా తగిలే చోట్లు అవే. మూత లోపలి నాలుగు మూలల్లో చిన్న తీగ ముక్కలు దిగేలా అతికితే మూత పక్కకు జారదు.

జిగురు ఎందుకు వద్దన్నానో ఇప్పటికి అర్థమై ఉంటుంది. ఈ పెట్టెను నిలబెట్టేది గాజు కాదు, అతుకుల్లోని లోహపు చట్రం. ఇంట్లో వాడే జిగుర్లలో చాలావరకు ఎడతెగని తేమలో మెత్తబడతాయి, పచ్చబడతాయి. రబ్బరులా గట్టిపడే సిలికాన్ జిగురు తేమను తట్టుకుంటుంది కానీ ఇంత సన్న అంచుల మీద గోపురం ఆకారాన్ని తిన్నగా నిలబెట్టడం కష్టం.

ఇప్పుడు నా మొదటి పెట్టె గతి. సోల్డర్ పూర్తయ్యేసరికి రాత్రి పదకొండు. సంతోషం పట్టలేక పైపైన నీళ్లతో తుడిచి, మర్నాడే మట్టి, మొక్కలు పెట్టేశాను. మూడు వారాలకు లోపలి అతుకుల మీద తెల్లని బూజులాంటి పొర లేచింది. గోడల వెంబడి నాచు నల్లబడింది, ఫెర్న్ ఆకుల కొసలు మాడిపోయాయి. అది బూజు కాదు, కడగకుండా వదిలిన ఫ్లక్స్ తేమతో కలిసి లోహాన్ని తినగా వచ్చిన లవణం. గాజు పనికి వాడే ద్రవపు ఫ్లక్స్‌లలో సాధారణంగా ఉండేది జింక్ క్లోరైడ్, ఆమ్ల స్వభావం గలది. కాబట్టి పని ముగిసిన రోజే, ఎంత రాత్రయినా, వంటసోడాను ముద్దగా కలిపి పాత టూత్‌బ్రష్‌తో ప్రతి అతుకునూ లోపలా బయటా రుద్దండి. తర్వాత అంట్ల సబ్బు, గోరువెచ్చని నీళ్లు. ఆరాక మర్నాడు చూసి, ఎక్కడైనా తెల్లగా కనిపిస్తే మళ్లీ అదే పని. నేను ఇప్పటికీ మూడుసార్లు కడుగుతాను.

అతుకులను నల్లగా చేయడానికి, రాగిరంగు తేవడానికి పటీనా ద్రావణాలు దొరుకుతాయి. బయటివైపు వాడుకోండి, లోపల వద్దు. రాగిరంగు తెచ్చేదానిలో ఉండేది మైలుతుత్తం. రైతులు సున్నంతో కలిపి బోర్డో మిశ్రమంగా తోటలకు కొట్టేది అదే. శిలీంధ్రాన్ని చంపేది నాచును మాత్రం ఎందుకు వదులుతుంది? నల్లరంగు ద్రావణాల్లో చాలావాటిలో సెలీనియం సమ్మేళనాలుంటాయి, చేతి తొడుగులు లేకుండా ముట్టవద్దు, పాపకు అందే చోట సీసా ఉంచవద్దు.

తర్వాత నీటి పరీక్ష. పెట్టెను పాత వార్తాపత్రిక మీద పెట్టి, మూడు సెంటీమీటర్ల లోతు నీళ్లు పోసి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నే కాగితం మీద తడి మచ్చ ఎక్కడుందో అక్కడ పెన్నుతో గుర్తు పెట్టండి. ఎంత చేయి తిరిగినవారికైనా ఒకటి రెండు చోట్ల కారుతుంది, చిన్నబుచ్చుకోకండి. ఆ చోట్లు మళ్లీ సోల్డర్ చేసి, కడిగి, పూర్తిగా ఆరబెట్టి, కింది 6 సెంటీమీటర్ల వరకు లోపలి అతుకులన్నిటి మీదా సిలికాన్ పొర వేయండి. దీనివల్ల లోహానికీ తడిమట్టికీ మధ్య తెర ఏర్పడుతుంది. సిలికాన్ కొనేటప్పుడు ‘న్యూట్రల్’ రకం అడగండి. పుల్లని వెనిగర్ వాసన వేసే రకం ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది, అది రాగినీ సీసాన్నీ తింటుంది. స్నానాల గదుల కోసం బూజు మందు కలిపి అమ్మేదీ వద్దు. వేశాక నేనైతే వారం రోజులు మూత తీసి ఆరనిస్తాను.

ఇంత చేసినా ఇది లోహపు పెట్టే. తినే మొక్కలు, అంటే కొత్తిమీర, పుదీనా, తులసి ఇందులో పెంచవద్దు. చేపలు, నత్తలు వేయవద్దు, రాగి వాటికి విషం.

మొక్కల సంగతి చెప్పడం తేలిక. మూత పెట్టే పెట్టెలో తేమను ఇష్టపడేవే బతుకుతాయి: ఫిట్టోనియా, చిన్న ఫెర్న్‌లు, సెలాజినెల్లా, చిన్న ఆకుల పెపరోమియా, వానాకాలంలో గోడల మీద వచ్చే నాచు. కాక్టస్‌లు, మందపాటి ఆకుల సక్యులెంట్లు ఇందులో కుళ్లిపోతాయి. అడుగున ఒకటిన్నర సెంటీమీటర్ల గులకరాళ్లు, పైన నాలుగు సెంటీమీటర్ల మేర కొబ్బరి పొట్టు, ఇసుక, కొద్దిగా వర్మీ కంపోస్టు కలిపిన మట్టి. అడుగున రంధ్రం లేదు కాబట్టి, పొరపాటున ఎక్కువైన నీరు రాళ్ల మధ్య ఆగుతుంది, అంతవరకే వాటి ఉపయోగం. నీళ్లు చెంచాలతో పోయండి, గ్లాసుతో కాదు. బోరు నీళ్లు వాడితే గాజు మీద తెల్లని మరకలు తేలతాయి, వాన నీరు గానీ ఫిల్టరు నీరు గానీ పోయండి. ఉదయం గాజుకు సన్నని ఆవిరి పట్టి మధ్యాహ్నానికి విడిపోతే తేమ సరిగ్గా ఉన్నట్టు. రోజంతా మసకగానే ఉంటే ఒక పూట మూత తీసి ఉంచండి.

ఎండ తగిలే కిటికీలో మాత్రం పెట్టనివ్వవద్దని అక్కగారికి గట్టిగా చెప్పండి. మన ఏప్రిల్, మే నెలల్లో నేరుగా ఎండ పడితే మూసిన గాజు పెట్టె గంటలో పొయ్యి అవుతుంది, మొక్కలు ఉడికిపోతాయి. ఉత్తరం వైపు కిటికీ పక్కన బల్ల మీద, వెలుతురు ఉండి ఎండ పడని చోటు మంచిది.

గడువు ఇలా పంచుకోండి. మొదటి రెండు వారాలు గీయడం, విరవడం సాధన. తర్వాతి రెండు వారాల్లో పెట్టె. ఐదో వారం కడగడం, నీటి పరీక్ష, సిలికాన్, ఆరో వారం ఆరనివ్వడం. మొక్కలు గృహప్రవేశానికి పది రోజుల ముందు పెడితే వేళ్లు పట్టాయో లేదో మీ ఇంట్లోనే తెలుస్తుంది. తీసుకెళ్లే రోజు మూతను విడిగా తువ్వాలులో చుట్టండి. పెట్టెను గోడలు పట్టుకుని ఎత్తకుండా అడుగు కింద అరచేయి పెట్టి ఎత్తి, కారులో సీటు మీద కాకుండా కాళ్ల దగ్గర నేల మీద పెట్టండి. ఆ ముందు రెండు రోజులు నీళ్లు పోయకండి, తడి మట్టి ఒక్క కుదుపుకు గోడలన్నీ పూసేస్తుంది.